ముందు ఫోను, తర్వాత ఫైలు

పాశమైలారం మలుపులో కారు అద్దం దించితే రసాయనాల ఘాటు ముక్కుకు తగులుతుంది. అందరూ అద్దం ఎత్తేస్తారు. నేను మాత్రం ఇంకాస్త దించుతాను. ఆ వాసనతో సుల్తానా మేడమ్ గుర్తొస్తారు.

జిల్లా భద్రతా విభాగంలో ఆవిడ నా పైఅధికారి. కొత్తలో నాకు రహస్యమంటే మహా భక్తి. ప్రతి కాగితం మీదా ‘గోప్యం’ అని ముద్ర కొట్టేవాణ్ణి. ఒకసారి నా సెలవు చీటీ మీదా కొట్టాను. మేడమ్ దాన్ని తిప్పి చూసి, “ఎవలకు తెల్వద్దని దాస్తున్నవ్ బేటా? దొంగలకా, పక్క ఆఫీసోళ్లకా?” అన్నారు.

ఆవిడకో అలవాటు ఉండేది. సోమవారం పొద్దున విద్యుత్తు, రవాణా, నీటి సరఫరా ఆఫీసులవాళ్లను తన గదికి చాయ్‌కి పిలిచేవారు. ఫైళ్లు తేకూడదు. వారంలో వింతగా తోచింది ఒక్కటైనా చెప్పనిదే ఉస్మానియా బిస్కెట్ దొరకదు. బిస్కెట్ కోసమే దేశరక్షణకు దిగినవాళ్లలో నేనొకణ్ణి.

ఒక సోమవారం మాత్రం ఎవరూ ప్లేటు వైపు చూడలేదు. పేలుడు పదార్థాల తయారీకి పనికొచ్చే రసాయనం మా ప్రాంతం నుంచి రాష్ట్రం దాటబోతోందని పైనుంచి హెచ్చరిక వచ్చింది. ఎక్కణ్ణుంచో, ఏ బండిలోనో తెలియదు.

“పాశమైలారం మలుపుల మూతబడ్డ ఫ్యాక్టరీ ఒకదాంట్ల కరెంటు కాలుతుంది మేడమ్. మోటరు బంద్ చేసుడు మర్సిపోయిన్రేమో అనుకున్న,” అన్నాడు విద్యుత్తు ఇంజనీరు.

నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. “ఆ గేట్లకే నీళ్ల ట్యాంకర్ పోతుందని నాకొకలు చెప్పిన్రు.”

నీటి సరఫరా అధికారి నర్సింలు కప్పు కింద పెట్టాడు. “మా ట్యాంకరా? మేం ఆ దిక్కుకే పంపుతలేం గదా.”

“నీళ్ల బండ్లను మావోళ్లు ఆపరు. ఎండకాలం, జనం తిడ్తరని,” అంటూనే రవాణా అధికారి చెక్‌పోస్టుకు ఫోన్ కలిపాడు. ట్యాంకర్ అప్పుడే లక్డారం దారి పట్టిందట.

నేను కాగితం తీసి, ‘పై విషయమును పురస్కరించుకొని’ అని మొదలుపెట్టాను. మేడమ్ పెన్ను లాక్కున్నారు. “ముందు ఫోను, తర్వాత ఫైలు. నీ పై విషయం ఒడిసేలోపు బండి సరిహద్దు దాటుతది. జల్దీ చెయ్.” అందరం ఒకేసారి ఫోన్లలో అరుస్తుంటే ఆ గది చేపల మార్కెట్టయింది. అంత అందమైన గోల నేను మళ్లీ వినలేదు. లక్డారం దగ్గర పోలీసులు ట్యాంకర్‌ను ఆపారు. కుళాయి తిప్పితే వచ్చింది నీళ్లు కాదు.

ఆ సంబరంలో రవాణా అధికారి నా వీపు తట్టి, “ట్యాంకర్ ముచ్చట నీకు చెప్పినోడెవడు తమ్మీ? శాలువ కప్పుదాం,” అన్నాడు. పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. మేడమ్ ప్లేటు నా ముందుకు తోశారు. “తిను. నోరు ఖాళీగుంటే పేరు బయట పడ్తది.” తర్వాత వరండాలో మెల్లగా అన్నారు: “ముచ్చట అందరిది. పేరు ఆయనది. ఆ గేటు పక్కన్నే పిల్లలతోని ఉంటుండొచ్చు. నాకు గూడ చెప్పకు.”

ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఏ ఆఫీసు అడిగినా, అడగకపోయినా, తెలిసింది ఫోన్లో చెప్పేస్తాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆవిడ నవ్వుతుంది. ఆ ఒక్క పేరు ఆవిడకూ తెలియదు. పటాన్‌చెరు బజార్లో ఆయన ఎదురైతే నేను వంకాయల బేరంలో మునిగిపోతాను. ఆయనా నన్నెరగనట్టే నడుస్తాడు. ఒక్కసారి మాత్రం, జనంలో దాటిపోతూ, భుజానికి భుజం ఆనించి వెళ్లాడు.