బల్లలు కోసిన వారం

వరంగల్ స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఆరూ నలభై. వాన ఆగింది, మబ్బు మాత్రం కదల్లేదు. నా సామాను ఒక పార, ఒక గునపం, ఇరవై మీటర్ల తాడు, కొలత టేపు, గంబూట్లు, రెండు జతల బట్టలు. సైన్యంలో ఇంజనీర్ల దళంలో పదిహేడేళ్లు పనిచేశాను. బంకర్లు తవ్వాను, వంతెనలు వేశాను. పెన్షన్ మీద ఇంటికొచ్చి నెక్కొండ దగ్గర పత్తి వేసుకుంటున్నవాణ్ని. ఈసారి నన్ను డ్యూటీకి పిలిచింది సర్కారు కాదు. మా యూనిట్‌లో వైర్‌లెస్ ఆపరేటర్‌గా చేసిన దానియేలు.

"అన్నా, మా వాడ మొత్తం మునిగింది. మనుషులు పానాలతోని ఉన్నరు. గోడలు నిలుస్తయో లేదో తెలుస్తలేదు. జర నువ్వు రావాలె. ఓవర్."

రిటైరై ఎన్నేళ్లయినా అతని ఫోన్‌లోంచి ఆ 'ఓవర్' పోలేదు.

వాడకట్టు నాలాకు, మెయిన్ రోడ్డుకు మధ్య పల్లంలో ఉంది. రెండు రోజులు ఛాతీ లోతు నీళ్లు నిలిచాయట. నేను వెళ్లేసరికి మిగిలింది చీలమండ లోతు నల్ల బురద. అక్కడ కాస్త ఎత్తున ఉన్నది చర్చి ఒక్కటే. సంఘంలోని ముప్పై కుటుంబాలు అందులోనే తలదాచుకున్నాయి. పాస్టరు గారు లుంగీ ఎగ్గట్టి గేటు దగ్గర బురద ఎత్తుతున్నారు. నన్ను చూసి పార కింద పెట్టారు.

"మీరు చెప్పుండ్రి సార్, మేం చేస్తం. మాకు బలముంది గని ఎట్ల చెయ్యాల్నో ఎర్కలేదు."

అంత సూటిగా మాట్లాడే ఆఫీసర్లు సర్వీసులో నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు.

పది గంటలకల్లా దానియేలూ నేనూ సంఘం ఇళ్లన్నీ చూసి వచ్చాం. మట్టితో కట్టిన ఇటుక గోడలు, పైన రేకులు. ఆరు ఇళ్ల గోడలు నాని బయటికి ఉబ్బాయి. అన్నిటికన్నా అధ్వాన్నం సుజాత ఇల్లు. ఆమె జంపఖానాలు నేస్తుంది. భర్త లేడు. మగ్గం వెనక గోడ జానెడు బయటికి వాలింది. ఆమె మాత్రం మగ్గం గుంతలోంచి చెంబుతో బురద తోడుతోంది.

"అమ్మా, బయటికి రా. గోడ కూలితే రేకులు నీ మీద పడుతయి" అన్నాను.

"మగ్గం ఇడిచి నేనేడికి పోవాలె? నేను పోతే ఇది నడుస్తదా, ఇది పోతే నేను నడుస్తనా?"

నేను టేపు తీసి గోడ వాలు కొలిచాను.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ పెద్ద వాన అని కబురు. ఆలోపు ఆరు గోడలకూ బయటినుంచి దన్ను పెట్టాలి. గోడకు మూడు చొప్పున పద్దెనిమిది గట్టి కర్రలు కావాలి. కర్రల అడితిలోకి ఇంకా పోయే దారి లేదు. ఊళ్లో వెదురు బొంగులు కూడా దొరకలేదు. చర్చిలోకి వచ్చి కూర్చున్నాను. నేను కూర్చున్నది టేకు బల్ల మీద. ఎనిమిదడుగుల పొడవు. అలాంటివి పన్నెండు ఉన్నాయి. వాటి వంక చూసి, తప్పు చేసినట్టు చూపు తిప్పుకున్నాను.

పాస్టరు గారు అది కనిపెట్టారు.

"ఈ చెక్క ఆగుతదా సార్?"

"ఆగుతది. కానీ కోయాలె. మళ్ల బల్లలు కావు."

దానియేలు నా చెవిలో చెప్పాడు. ఈ బల్లలన్నీ ఏసయ్య తాత చేసినవి. వడ్రంగి పని చేసి సాయంత్రాలు వచ్చి, ఏడాది పాటు ఒక్కొక్కటిగా చెక్కాడు. ఆ తాత మూలన నిలబడి అంతా విన్నాడు. గబగబా బయటికి వెళ్లిపోయాడు.

"మనసు నొచ్చినట్టుంది" అన్నారు పాస్టరు గారు. నేను తల వంచుకున్నాను.

పావుగంటకు తాత తిరిగొచ్చాడు. భుజాన రంపం, చేతిలో సుత్తి.

"నేనే కోస్త. ఇంకొగలి చెయ్యి పడనియ్య. ఏడ కోస్తె బలం పోదో నాకే ఎర్క."

పదకొండున్నరకు మొదలుపెట్టాం. తాత కోశాడు. మగవాళ్లు గుంతలు తవ్వారు. ఆడవాళ్లు వరుసగా నిలబడి రాళ్లు అందించారు. వాలు కొలిచి, కర్ర నిలిపి, దాని అడుగున చెక్క ముక్కలు దిగ్గొట్టి బిగించడం నా పని. చీకటి పడేలోగా పది, మర్నాడు రెండు గంటలకు మిగతా ఎనిమిది. సుజాత ఇంటికి మాత్రం తాత నాలుగోది కూడా కోశాడు. నేను అడగలేదు.

మూడూ ఇరవైకి వాన దిగింది. నేను వాడ ఈ చివర, దానియేలు ఆ చివర, చేతుల్లో ఫోన్లు.

"ఒకటో ఇల్లు సేఫ్. రెండు సేఫ్. ఓవర్."

"సుజాత ఇల్లు?"

"కర్ర మొదలు జారుతాంది అన్నా! ఉరుకు!"

ఉరికాను. నడుమనున్న ఒక కర్ర కింద మట్టి కరిగిపోతోంది. గునపం అడ్డంగా గుచ్చి నా బరువంతా దాని మీద వేశాను. దానియేలు నా పక్కన పడ్డాడు. లోపలినుంచి సుజాత బయటికొచ్చి తనూ గునపం పట్టుకుంది. తాత వానలో మోకాళ్ల మీద పడి రాళ్లు కూరి, చెక్క దిగ్గొట్టాడు. ఏడు దెబ్బలు. కర్ర బిగుసుకుంది.

"ఇడువుండ్రి" అన్నాడు. వదిలాం. గోడ కదల్లేదు.

వాన రెండు గంటలు కొట్టింది. ఆరు గోడల్లో ఒక్కటీ పడలేదు. సైన్యంలో నాకు మెడల్ వచ్చిన రోజుంది. ఆ రోజు కన్నా ఈ సాయంత్రమే నా ఛాతీ పొంగింది.

తర్వాత ఐదు రోజులు బురద ఎత్తాం, బావి తోడాం, పొయ్యిలు వేశాం. మధ్యాహ్నం బండికి బయల్దేరాల్సిన ఆదివారం పొద్దున పాస్టరు గారు నన్ను ఆరాధనకు పిలిచారు. నేను చర్చికి పోయేవాణ్ని కాదు. ఆ రోజు పోయాను. బల్లలు లేక అందరూ కిందనే కూర్చున్నారు, నేల ఇంకా చెమ్మగానే ఉంది. ఏసయ్య తాత మోకాళ్లు ఆ వానతో బిగుసుకుపోయాయి, వంగడం లేదు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు.

"అందరు కింద కూసుంటె నాకెందుకు బిడ్డా కుర్చీ?" అన్నాడు.

ఇంటికొచ్చి పత్తి చేల్లో పడ్డాను. ఎన్నో చూసిన కళ్లు నావి, చాలా మరిచిపోయాయి. ఆ ఆదివారం మాత్రం పోదు. హాలంతా కూర్చున్న తలలు. వాటికి పైన, పాట మొదలైనప్పటినుంచి దీవెన ముగిసేదాకా, గోడకు అరచెయ్యి ఆనించి ఒక్కడే నిలబడి, ప్రతి పాటకూ గొంతెత్తిన ముసలి వడ్రంగి.