మా మరిది, అతని రెండు కాపలాలు

మా మరిదికి ఒక కాపలా చాలదు. దేనికైనా రెండుండాలి. వీధి తలుపుకి రెండు తాళాలు, చొక్కా జేబుకి గుండీ పెట్టాక దాని మీద పిన్నీసు, టీ ఒకసారి వడకట్టాక ఇంకో జల్లెడలో ఇంకోసారి. అప్పటికి టీ చల్లారిపోతుంది, అది వేరే సంగతి. ఎందుకయ్యా ఈ యాతన అంటే ఒకటే మాట: "ఒకటి వదిలేసింది రెండోది పట్టుకుంటుంది వదినా." పెళ్ళికి ముందు పిల్లని కూడా రెండుసార్లు చూసొచ్చాడు. మొదటిసారి నచ్చలేదా అని అడిగాను. నచ్చిందట, అందుకే అనుమానం వచ్చిందట.

మేమిద్దరం ఒకే ఆస్పత్రిలో పని చేస్తాం. నాది మూడో అంతస్తులో బట్టల గది. దుప్పట్లు, గలీబులు, ఆపరేషను గౌన్లు ఏవైనా నా చేతి మీదుగా పోవాల్సిందే. మూడో తరగతితో చదువు ఆపేసినదాన్నే గానీ, చిరుగు చూసి ఆ దుప్పటి ఏ వార్డు నుంచి వచ్చిందో చెబుతాను. అతనిది నేలమాళిగలో కంప్యూటర్ల గది. పదహారేళ్ళు చదివాడు. గొడుగెక్కడ పెట్టాడో రెండు కాగితాల మీద రాసి పెట్టుకుని, ఆ రెండు కాగితాలూ పారేసుకుంటాడు. చదివేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు.

ఆస్పత్రిలో ఇప్పుడు ఉత్తరాలన్నీ కంప్యూటర్లోనే కదా. వాటిలో ఒకటి నిజమైందయితే పది దొంగవి. బట్టతల మీద జుట్టు మొలిపిస్తామనేది ఒకటి, నీకు లాటరీ తగిలిందనేది ఇంకొకటి. ఆ చెత్తని స్పామ్ అంటారట. ఉత్తరాలు చేరే పెద్ద మిషను, మెయిల్ సర్వర్ అంటారు దాన్ని, అందులోనే చెత్తని ఏరేసే ఏర్పాటు ముందు నుంచీ ఉంది. దాని పని అది చక్కగా చేసుకుంటోంది. మా వాడికి నిద్ర పడితేగా. ఫైర్‌వాల్ అని ఇంకో పెట్టె తెప్పించి దాని ముందు పెట్టాడు. చెత్త ఏరటం దానికీ వచ్చట. నాకు అర్థమయ్యేలా చెప్పమంటే, వీధి గుమ్మంలో ఒక కాపలావాడు, నడవలో ఇంకొకడు అన్నాడు.

మరి వీధిలో వాడు కునికితే అని అడిగాను. నడవలో వాడున్నాడు అన్నాడు. ఇద్దరూ కునికితే అన్నాను. ఆ మాటకి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. వారం రోజులు మూడో పెట్టె తెస్తాడేమోనని నాకే భయం పట్టుకుంది.

ఇక మొదలైంది భాగోతం. పెద్ద నర్సుకి చేతి తొడుగుల కంపెనీ నుంచి ఉత్తరం రావాలి. రాలేదు. కిందకెళ్ళి అడిగితే వీధి కాపలావాడు ఆపాడని తేలింది. వాడి చేత వదిలించారు. నడవలోవాడు పట్టుకున్నాడు. వాడికీ నచ్చజెప్పారు. ఈలోగా కంపెనీవాళ్ళు జవాబు లేదేమని ఇంకో ఉత్తరం రాశారు, దాన్ని మళ్ళీ వీధిలోవాడు ఆపాడు. మంచివాళ్ళ పట్టీ ఒకటుంటుందట. అందులో పేరు ఎక్కిస్తే ఇక ఆపరట. ఆ పట్టీ ఇద్దరి దగ్గరా విడివిడిగా ఉంటుంది, మా వాడు ఒకరి దగ్గర ఎక్కించి రెండోవాడి దగ్గర మరిచిపోతాడు. పెద్ద నర్సు మెట్లెక్కి వచ్చి నా దుప్పట్ల మూట మీద కూలబడి, "మీ మరిదికి మీరే ఏదో ఒకటి చెప్పండి పెద్దమ్మా, నేను చెబితే రెండుసార్లు విని ఒక్కసారీ చెయ్యడం లేదు" అంది.

అంతకన్నా ఘోరం ఒక సోమవారం జరిగింది. నడవలో కాపలావాడు రోజూ గమనిస్తున్నాడట, దొంగ ఉత్తరాలు ఎవరి చేతి మీదుగా వస్తున్నాయా అని. అన్నీ వీధి కాపలావాడి చేతి మీదుగానే వస్తున్నాయి. రాక చస్తాయా, గుమ్మంలో నిలబడ్డది వాడే కదా. వీడు వాణ్ణే పెద్ద దొంగ కింద తేల్చి, వాడు అందించిన ప్రతి ఉత్తరాన్నీ బయటే ఆపేశాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆస్పత్రి మొత్తానికి ఒక్క ఉత్తరం లేదు. పెద్ద డాక్టరుగారు కేకలేశారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు నాయనా, ఒకదాన్ని తీసెయ్యి అని నేనూ చెప్పాను. వాళ్ళ మధ్య పరిచయం సరిగ్గా చేయలేదు వదినా, తప్పు నాదే అన్నాడు. ఆ రెండు ఇనప్పెట్టెలకీ పరిచయం చేస్తూ ఇంకో రోజు గడిపాడు.

ఇదంతా పక్కవాళ్ళ బాధగా ఉన్నన్నాళ్ళూ నవ్వుకున్నాను. తరవాత నా దాకా వచ్చింది.

మా అక్కకీ నాకూ పదకొండేళ్ళుగా మాటల్లేవు. మా అమ్మ కుట్టుమిషను తను పట్టుకుపోయింది. ఆ మిషను మీద నేను కుట్టు నేర్చుకున్నాను, తనకి బొత్తాం కుట్టడం కూడా రాదు. అయినా వయసు మీద పడుతోంది, ఎవరో ఒకరు తగ్గాలి కదా అని నేనే తగ్గాను. నాకు తగ్గడం అలవాటు లేదు, అందుకని చాలా కష్టమైంది. మరిది అక్క కంప్యూటర్ చిరునామా సంపాదించి పెట్టాడు. బట్టల గదిలో కంప్యూటర్ ముందు కూచుని ఒంటి వేలితో రెండు మధ్యాహ్నాలు కొట్టి మూడు వాక్యాలు రాశాను. ఎలా ఉన్నావు, నేను బాగున్నాను, మాట్లాడాలని ఉంది. అంతే.

వారం చూశాను. రెండు వారాలు చూశాను. రోజూ అతన్ని అడగటం, ఏమీ రాలేదు వదినా అని అతను నేల చూపులు చూడటం. మూడు వారాలయ్యాక నాకు ఒళ్ళు మండింది. ఈసారి ఒకే మధ్యాహ్నంలో ఒకటిన్నర పేజీ కొట్టాను. కోపంలో వేలు బాగా నడుస్తుందని అప్పుడే తెలిసింది. నాకు అక్క లేదు, నీకు చెల్లెలు లేదు, నా చావుకి నువ్వు రావద్దు, నీ చావుకి నేను రాను అని రాసి, మా వంశంలో ఉన్న తిట్లన్నీ వరసగా పేర్చాను. మధ్యలో మరిది ఏదో పని మీద వచ్చి, ఏం రాస్తున్నావు వదినా అన్నాడు. నీకెందుకు పో అన్నాను. పోయాడు. నేను పంపేశాను.

మర్నాడు అన్నం నోటికి పోలేదు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. పైగా ఇది వేలు జారటం, అచ్చులో ఉంటుంది. మా అక్క దాన్ని చదువుతూ ఉంటుందని తలుచుకుంటూ లెక్క పెట్టిన గలీబుల్నే నాలుగుసార్లు లెక్కపెట్టాను.

అప్పుడొచ్చాడు మరిది, రెండు కాగితాలు పట్టుకుని. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి.

"వదినా, పొరపాటు జరిగింది. నిన్న నువ్వు పంపిన ఉత్తరం బయటికి పోలేదు. మిషను పట్టేసింది."

"లోపలికొచ్చేవే కాదు, బయటికి పోయేవి కూడా పడుతుందా?"

"రెండు వైపులా కాపలా వదినా. అందులో మాటలు దానికి నచ్చలేదు."

నా గుండె మీంచి బండ దిగింది. దిగినట్టు కనబడకూడదని గట్టిగా కసిరాను. అతను రెండో కాగితం చేతిలో పెట్టాడు. అక్క ఉత్తరం. పంతొమ్మిది రోజుల కిందట వచ్చి వీధి కాపలావాడి చెత్త కుప్పలో పడి ఉందట. పంతొమ్మిది రోజులా అని లేచాను. ముందు చదువు, తరవాత తిట్టు అన్నాడు. చదివాను.

"నీకు రావలసినది నా దగ్గర సిద్ధంగా ఉంది. నీ పూర్తి పేరు, చిరునామా, ఫోను నంబరు వెంటనే పంపు. ఆలస్యం చేస్తే ఈ అవకాశం మళ్ళీ రాదు. ఈ విషయం మీ ఆయనకి చెప్పకు."

అంతే. ఎలా ఉన్నావు లేదు, చెల్లీ లేదు, కింద పేరు కూడా లేదు. "దీన్ని కూడా పట్టుకోకపోతే వాటిని కాపలా అనడం దేనికి వదినా" అన్నాడు. నేను కాగితం మడిచి ఫోను అందుకున్నాను.

పాత నంబరుకే చేస్తే అక్క విషయం చెప్పింది. కుట్టుమిషను నాకు పంపేస్తుందట. సామాను చేరవేసే వాళ్ళు పూర్తి పేరు లేకపోతే ఎక్కించుకోరట, వాళ్ళ లారీ నెలకొకసారే వస్తుందట. మా ఆయనకి ఎందుకు చెప్పకూడదు అంటే, తెలిస్తే నేనే మోసుకొస్తానని బయల్దేరతాడు, నడుం పట్టేస్తుంది అంది. పదకొండేళ్ళ తరవాత కూడా నా మొగుడి నడుం దానికి గుర్తుంది. ఇద్దరం గంటసేపు దెబ్బలాడుకున్నాం. హాయిగా ఉంది.

ఇంకో నెలకి, ఆ పెట్టె అమ్మిన కంపెనీ మెకానిక్ దుమ్ము తుడవడానికి పాతగుడ్డ అడుగుతూ పైకొచ్చాడు. మంచి నూలుగుడ్డ చించిచ్చి, మీ పెట్టె బంగారం నాయనా, బయటికి పోయే చెడ్డ ఉత్తరాల్ని భలే ఆపుతుంది అన్నాను.

"బయటికి పోయేవా? అది ఇక్కడ లోపలికొచ్చేవే చూస్తుందమ్మా. ఆ లోపల మిషనూ అంతే. బయటికెళ్ళేవి చూడమని మీ కంప్యూటరాయన దేనికీ చెప్పలేదు."

నేను పెద్ద నర్సుని పిలిచి కూపీ లాగాను. రెండేళ్ళ కిందట డాక్టరుగారి మీద కోపంతో ఆవిడ రాజీనామా రాసి పంపితే, అదీ మిషను పట్టేసిందట. మర్నాడు మా వాడొచ్చి వదలనా అని అడిగితే, వద్దందట. అంబులెన్సు డ్రైవరు పెళ్ళాం మీద మామగారికి రాసిన ఫిర్యాదూ అంతేనట. అప్పుడు తోడికోడలికి ఫోను చేసి, నేను ఆ తిట్ల ఉత్తరం పంపిన రోజు సంగతి అడిగాను. ఆ రోజు రాత్రి ఇంటికే రాలేదక్కా, నాలుగు వేల చెత్త ఉత్తరాలు ఒక్కొక్కటే విప్పి చూశాడట, దేనికో అడిగితే చెప్పడు అంది.

ఒకరి ఉత్తరం ఇంకొకరు ఆపటం తప్పే. నాకు ఆ మాత్రం తెలుసు. అడగాలని నేలమాళిగలోకి దిగాను కూడా. ఆ రెండు పెట్టెల మధ్య కూచుని, మళ్ళీ ఎవరి ఉత్తరమో ఆగిందని ఎవరో ఫోనులో తిడుతుంటే, మిషనండీ, మిషను తప్పండీ అని బతిమాలుకుంటున్నాడు. ఏమిటి వదినా ఇలా వచ్చావు అన్నాడు. గలీబులేమైనా ఇక్కడ పడ్డాయేమో చూద్దామని అన్నాను.

నాకు తెలిసిపోయిందని ఇప్పటికీ చెప్పలేదు. మా అక్క మీద కోపమొచ్చినప్పుడల్లా, అది పది రోజులకొకసారి తప్పదు, కడుపు నిండా రాసి, ఆవగింజంత మొహమాటం లేకుండా పంపేస్తాను. మర్నాడు అతను ఆయాసపడుతూ మూడంతస్తులూ ఎక్కి వస్తాడు.

"వదినా, మళ్ళీ మిషను పట్టేసింది. వదలమంటావా?"

"ఎందుకులే నాయనా, పాపం అదంత కష్టపడి ఆపింది" అంటాను.