మందు అనకూడని రోజులు

మొన్న మారతహళ్ళిలో మా ఫ్లాట్ కిందున్న మెడికల్ షాపుకి వెళ్తే, గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన షాపతను "ఏం మందు కావాలాంటీ?" అని గట్టిగా అడిగాడు. నేను చటుక్కున వెనక్కి తిరిగి చూశాను. ఎవరో హెల్మెట్ తీయకుండానే ఫోన్ చూసుకుంటున్నాడు, అంతే. మందుల షాపులో మందు అనే మాటకు ఉలిక్కిపడే మనిషిని అతను ఎన్నడూ చూసి ఉండడు పాపం.

మాది ఆ పక్కనే ఉన్న వర్తూరు. మా ఇళ్ళలో టమాటాలకు కొట్టేదీ మందే, ఎలుకలకు పెట్టేదీ మందే, సాయంత్రాలు మా మామలు చాటుగా తాగేదీ మందే, టపాకాయలో కూరేదీ మందే. మా చిన్నాయన కంట్లో వేసుకునేది కూడా మందే. చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. బడిపంతులుగా రిటైరయ్యాక, ఎక్కడ గుడిసెలు కూలగొడుతున్నారన్నా పోయి బుల్డోజరుకు అడ్డం నిలబడడం ఆయనకు రెండో ఉద్యోగమైంది. మొదటి ఉద్యోగంలో ఆదివారమన్నా సెలవుండేది. కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు ఆయనకి. రెండు పూటలా చుక్కలు తప్పకూడదని, తప్పితే పోయిన చూపు మళ్ళీ రాదని డాక్టరు చెప్పాడు. ఈయనేమో పెట్టుకున్న కళ్ళజోడు కోసమే ఇల్లంతా వెతికే రకం. అందుకని ఏ సభలో ఉన్నా మా చిన్నమ్మ ఫోన్ చేసేది. "మందు ఏసుకుంటివా? యాడ పెట్టినావు? చల్లగా ఉండల్ల, ఎండకు చెడిపోతాది. డ్రాప్స్ అయిపోతే చెప్పప్పా, ఇంకోటి పంపిస్తా." పక్కనున్నవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు.

ఆ ఫోన్లు ఇంకెవరో కూడా వింటున్నారని మాకు తెలియదు. ఒకరోజు వచ్చి చిన్నాయనను తీసుకుపోయారు. ప్రభుత్వం మీద కుట్ర అట, బెయిలు అంత తేలిగ్గా దొరకని చట్టమట. ఛార్జిషీటు వచ్చాక మా లాయరమ్మ చదివి వినిపించింది. మందు అంటే బాంబుల్లో కూరే మందని రాశారు. డ్రాప్ అంటే సరుకు దించడమని, చల్లగా ఉంచమనడం అది పేలకుండా జాగ్రత్తని రాశారు. నాకు నవ్వొచ్చింది, నిజంగానే నవ్వాను. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. "అంటే ఆయప్పను నేనే పట్టిచ్చినట్టా?" అని అడిగింది. కాదని ఎంత చెప్పినా ఆమె చెవికెక్కలేదు.

కంటి చుక్కలు ఇవ్వాల్సిందేనని లాయరమ్మ కోర్టులో ఆర్డరు తెచ్చింది. జైలు గేటు దగ్గర మేం సీసా ఇచ్చాం, చలికి ఒక స్వెట్టరూ ఇచ్చాం. రెండూ తీసుకున్నారు. అవి ఆయనకు అందాయో లేదో ములాఖత్‌లో ఆయన్నే అడగాలి. అక్కడ మాట్లాడేదంతా రికార్డవుతుంది, ఆ మాటలు మాత్రం నోట రానివ్వకండి అని లాయరమ్మ హెచ్చరించింది.

మధ్యలో మసకబారిన అద్దం, ఇటొక ఫోను, అటొక ఫోను, ఆయన వెనకే నిలబడ్డ వార్డరు. చిన్నాయన సగమైపోయాడు. చిన్నమ్మ నోరు తెరిచింది, మూసింది. మందు అనకూడదు, డ్రాప్స్ అనకూడదు, ఇంకే మాటంటే దానికేం అర్థం తీస్తారో తెలియదు. చివరికి వేలితో తన కన్ను చూపిస్తూ అడిగింది.

"ఏసుకుంటాండావా?"

"ఏసుకుంటాండాలే. నువ్వేం దిగులు పెట్టుకోవద్దు."

బస్సులో తిరిగి వస్తూ ఆమె ఎన్నాళ్ళకో కడుపునిండా గాలి పీల్చుకుంది. ప్రతి ములాఖత్‌లోనూ అదే ప్రశ్న, అదే వేలు, అదే జవాబు. మేం నమ్మాం. ఎందుకు నమ్మం?

చాలాకాలానికి బెయిలు వచ్చింది. జైలు బయట ఎదురుగానే నిలబడి ఉన్నాను. చిన్నాయన నా పక్కనుంచి చూస్తూ "పాప రాలేదా?" అని చిన్నమ్మను అడిగాడు. ఆయన పాప అనేది నన్నే.

సీసా ఆయన దాకా చేరనే లేదు. మందు కావాలని అడిగితే "ఏ బాంబుకు?" అని నవ్వారట. మళ్ళీ అడిగితే చెంప పగలగొట్టి, రాత్రీ పగలూ లైటు ఆర్పని ఒంటరి గదిలో పడేశారట. మరి ఏసుకుంటాండానని ఎందుకన్నావని చిన్నమ్మ ఏడుస్తూ అడిగింది.

"నువ్వడిగింది స్వెట్టర్ కత గదా?"

"కన్ను చూపిస్తిని గదప్పా!"

"నువ్వు చెయ్యి ఎత్తింది నాకు కనపడలేదు మే," అన్నాడు.

ఆ పని చేసినవాళ్ళ మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు, తగ్గకూడదని కూడా అనుకుంటాను. డాక్టరు ఇక లాభం లేదన్నా, చిన్నమ్మ రెండు పూటలా చుక్కలు వేస్తూనే ఉంది. "మందు ఏసుకుందువు రాప్పా" అని వీధికంతా వినపడేలా పిలుస్తుంది. మొన్న ఆ షాపులో నేను అడిగి తీసుకున్నదీ ఆ మందే. కేసు ఇంకా నడుస్తోంది. వచ్చే నెలకు వాయిదా వేశారు, ఆ తర్వాత మరో నెలకు వేస్తారు. కోర్టుకు ఎంత కాలమైనా ఉంది. మా చిన్నాయన కళ్ళకే, ఒక్క వాయిదా కూడా దొరకలేదు.