ఎజ్రా వదలని జెండా

పతకం వచ్చిందన్న కబురు పోస్టాఫీసు గుమ్మం దాటిందో లేదో ఊరంతా పాకిపోయింది. ఆల్వా పెట్టెంగిల్ అప్పుడు పశువులకు మేత వేస్తున్నాడు. భార్య థర్జా రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది.

"ఆ గడ్డి తర్వాత వెయ్యొచ్చు, రావయ్యా మగడా! ముప్పై రెండేళ్ళకి సర్కారుకి మెలకువొచ్చింది!"

ఆల్వా మొహం చేటంతయింది. ఆ పతకం కోసం అతను కలవరించాడు, దాచడమెందుకు? పందొమ్మిదో ఏట మేపుల్ చెట్ల తీపి పాకం కాచే పని వదిలేసి, అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యంలో చేరాడు. మొక్కజొన్న చేలో దక్షిణాది వాళ్ళతో జరిగిన పోరులో పటాలం జెండా వాళ్ళ చేతిలో పడకుండా వెనక్కి తెచ్చాడు. బిగుసుకుపోయిన మోకాలితో ఇల్లు చేరాడు. వెర్మాంట్ కొండల్లో దున్నిన కొద్దీ రాళ్ళే పైకొస్తాయి. ఆ నేల మీదే కుంటుకుంటూ ఐదుగురు పిల్లల్ని పెంచాడు. అయినా ఊళ్ళో కుర్రకారు, "పెద్దాయనా, జెండా పట్టుకుని వెనక్కే కదూ పరిగెత్తావు?" అని ఏడిపించేవాళ్ళు. వాళ్ళ నోళ్ళు మూతపడే రోజు ఇన్నాళ్ళకు వచ్చింది.

పతకం ఇవ్వాలంటే కళ్ళారా చూసినవాడు సాక్ష్యం రాసి పంపాలి. బతికున్న సాక్షి పాత నేస్తం ఆరిన్ ఒక్కడే. "నేను రాస్తే రాజధానిలో వాళ్ళు కళ్ళు తుడుచుకోవాలిరా!" అని, ఏం రాశాడో చూపించకుండానే అప్పుడెప్పుడో టపాలో వేసేశాడు.

మే నెలాఖరున, సైనికుల సమాధులకు పూలు పెట్టే రోజునే పతకం తగిలించాలనుకున్నారు. డప్పులు, పిల్లనగ్రోవులు, చేతి నిండా లైలాక్ పూలతో పిల్లలు! సైన్యంలో వేసుకున్న పాత నీలం కోటు బొత్తాలు పట్టలేదు. "శత్రువుకి లొంగలేదు గానీ నా వంటకి లొంగిపోయావు," అని థర్జా అతని పొట్ట మీద తట్టింది. ఆల్వా పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డాడు.

చర్చి హాల్లో పాస్టరు గొంతు సవరించుకుని పతకంతో వచ్చిన పత్రం చదివాడు. "జెండా మోసే ఎజ్రా స్టిక్నీ ప్రాణభయంతో దాన్ని పారేసి పారిపోగా, ఆల్వా పెట్టెంగిల్ తూటాల వానలో..."

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. ఆల్వాకి ఒళ్ళు భగ్గుమంది.

"ఇదేంట్రా?" అన్నాడు, పక్కనున్న ఆరిన్ చెయ్యి నొక్కి.

ఆరిన్ కన్ను గీటాడు. "కాస్త ఉప్పూ కారం వేశానంతే. వాడెక్కడో అవతలి జిల్లావాడు, ఎవరడగొచ్చారు? నోరు మూసుకుని ఛాతీ ముందుకు పెట్టు!"

వెనక బల్ల మీద నల్ల బట్టల్లో ఉన్న ముసలావిడ లేచి, తల దించుకుని గుమ్మం వైపు నడిచింది. ఇందాకటిదాకా ఆవిడతో మాట్లాడిన థర్జా గబగబా వచ్చి మొగుడి చెవిలో చెప్పింది. "ఆవిడ ఆ ఎజ్రా అక్కట! పేపర్లో ఆ పటాలం పేరు చూసి, తమ్ముడు ఎలా పోయాడో విందామని రైలెక్కి వచ్చిందట!"

ఆల్వా పాస్టరు చేతిలోని పతకం వంక చూశాడు. నోరు విప్పితే అది వచ్చిన దారినే పోతుంది, ఆరిన్ దొంగసాక్షి అవుతాడు. మరి తనకి కావాలి అది. చచ్చేంత కావాలి.

"ఆగమ్మా!" అని కేకేశాడు. "మీవాడు పారిపోలేదు! గొంతులో తూటా దిగినా నిలబడే ఉన్నాడు. కూలాక కూడా జెండా కర్ర వదల్లేదు, నేనే వేళ్ళు ఒక్కొక్కటీ విప్పాల్సొచ్చింది. పాస్టరుగారూ, ఆ కాగితం అబద్ధం. పతకం తిరిగి పంపించెయ్యండి!"

"ఒరేయ్, నా పరువు గంగలో కలిపావు కదరా!" అని ఆరిన్ తల పట్టుకున్నాడు. హాలంతా గోల గోల.

ఆ గోలలోనే ఆవిడ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"ఏ చెయ్యి?" అంది.

"ఎడమ చెయ్యమ్మా."

ఆవిడ ఆల్వా చేతిని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది. కళ్ళ నీళ్ళతోనే నవ్వింది.

"బళ్ళో బెత్తం విరిగేలా కొట్టేవాళ్ళయ్యా, కుడిచేత్తో రాయమని," అంది. "ఎంత కొట్టినా మావాడు మానలేదు."