కొసరు పది చుక్కలు

మా నాన్నకి నెల్లూరులో కిరాణా కొట్టు ఉండేది. పాత బస్తా అడుగు కనబడేదాకా కొత్త బస్తా కుట్టు విప్పనిచ్చేవాడు కాదు. ఆ బుద్ధితోనే ఎనభైల మొదట్లో అబుదాబిలో ఒక ఆసుపత్రి ల్యాబులో చేరాను. వెన్నులోంచి నీరు తీసే డాక్టర్ల దగ్గర కూడా కొసరు అడిగేవాణ్ణి, ఇంకో పది చుక్కలు వెయ్యండి సార్ అని. నవ్వుతూనే వేసేవారు.

ఒక మధ్యాహ్నం మఫ్రఖ్ కూలీల క్యాంపు నుంచి జగిత్యాల వైపు మేస్త్రీ ఒకతన్ని తెచ్చారు. ఒళ్లు కాలిపోతోంది, మెడ వంగడం లేదు. క్యాంపులో అప్పటికే ఏవో మాత్రలు మింగించారు. దాంతో వెన్నునీటిలో మైక్రోస్కోపుకి క్రిములేవీ చిక్కలేదు. ఇక మిగిలింది లాక్టిక్ ఆమ్లం పరీక్ష. అది బాగా పెరిగి ఉంటే మెదడు పొరలకి చీము పట్టినట్టు, సూదిమందు వెంటనే మొదలుపెట్టాలి. పెరగకపోతే వైరస్ అనుకుని కనిపెట్టుకుని ఉండటమే. డాక్టరు ఆ అంకె కోసం కాచుక్కూర్చున్నాడు.

ఫ్రిజ్‌లో పరీక్షమందు సీసాలు రెండున్నాయి. ఒకటి విప్పి చాలా రోజులైంది, అడుగున కాస్త మిగిలింది. రెండోది సీలు తియ్యనిది. నా చెయ్యి ఎటు పోయిందో చెప్పక్కర్లేదు. రోగి నీటికంటే ముందు, బలం తెలిసిన ద్రావణంతో మందు పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. చూస్తే ఆ అడుగుమందు కాస్తా అయిపోతుంది. చూడలేదు. అంకె మామూలుగా వచ్చింది, రాసి పంపాను. సీసా ఖాళీ చేశానని మురిసిపోయాను కూడా.

మర్నాడు పొద్దున కొత్త సీసా విప్పాక, ఎందుకో మనసాగక, ఫ్రిజ్‌లో దాచిన అతని వెన్నునీటి కొసరు చుక్కల్ని మళ్లీ పరీక్షకి పెట్టాను. నిన్నటికి మూడింతలు వచ్చింది. వార్డుకి పరిగెత్తాను. మందు బలం తగ్గిందని డాక్టరుకి చెప్పాను గానీ, పాతదని తెలిసే వాడానని చెప్పలేదు. తిట్టడానికి కూడా ఆగకుండా ఆయన సూదిమందు మొదలుపెట్టించాడు.

మనిషి బతికాడు. చెవులు పోయాయి.

ఆలస్యం వల్లేనా అని తర్వాత అడిగితే, ముందే ఇచ్చినా పోయేవేమో, ఎవరు చెప్పగలరు అన్నాడు డాక్టరు. ఏ బేరంలోనూ నాకంత చవగ్గా ఏదీ దొరకలేదు. అయినా ఆ మాట తీసుకోలేకపోయాను.

అతన్ని ఊరికి పంపేముందు వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. రోగం కనిపెట్టింది ఇతనే అని డాక్టరు అంతకుముందే నన్ను చూపించి సైగ చేశాడట. మేస్త్రీ నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వు లేకుంటే నేను ఖలాసే అన్నా."

పాత సీసా సంగతి మొత్తం చెప్పేశాను, మెల్లగా. అతను నా పెదాలనే చూశాడు.

"గట్టిగ చెప్పన్నా, ఇనొస్తలేదు."

తన గొంతు తనకి వినబడని మనిషి, వార్డంతా ఇటు తిరిగేలా అన్నాడు. చేపలవాడితో వీధి చివరిదాకా వినబడేలా బేరమాడే గొంతు నాది. అది పైకి రాలేదు. తల ఊపాను. తగ్గిపోతుందని అన్నాననుకున్నాడేమో, అతనూ ఊపాడు.

ఇప్పటికీ ఇంట్లో కొత్త సీసా ఏది విప్పినా, గట్టిగ చెప్పన్నా అంటూనే ఉంటాడు.