మధ్య కుర్చీ

టోవె ఇరవై తొమ్మిదేళ్లు సొంత ఇంట్లో కుడి స్పీకరు పక్కన, కిటికీ కింద పీట మీద కూర్చుని పాటలు విన్నది. పాట బాగా వినపడే కుర్చీ ఒక్కటే. అది భర్త ప్రేబెన్‌ది.

రెండు స్పీకర్లకూ మధ్య రెండున్నర మీటర్లు, ఒక్కోదాని నుంచి కుర్చీకి అంతే దూరం. ప్రేబెన్ కొలిచి, నేల మీద తెల్ల టేపు ముక్కలు అంటించాడు. ప్రతి శనివారం ఆ బరువైన పెట్టెలను జరిపి, కింద తుడిచి, వెంట్రుకవాసి తేడా రాకుండా మళ్లీ గుర్తుల మీదికి చేర్చేది మాత్రం టోవె.

"పాడే మనిషి సరిగ్గా మధ్యలో నిలబడ్డట్టుంటుందే. ఊపిరి తీసుకోవడం కూడా తెలుస్తుంది," అనేవాడు ప్రేబెన్ కళ్లు మూసుకుని.

"నాకు కుడి పెట్టెలోంచే వస్తోంది."

"అక్కడ కూర్చుంటే అంతేగా మరి. కాఫీ ఇంకాస్త ఉందా?"

చెడ్డవాడు కాదు. లేచి 'నువ్వు కూర్చో' అనాలని తోచలేదు. ఆమె అడగనూ లేదు.

ఆ స్పీకర్లు తయారైంది ఊళ్లోని ఫ్యాక్టరీలోనే. పందొమ్మిదేళ్లు తనిఖీ బల్ల దగ్గర, మోగుతున్న ఒక్కో స్పీకరుకూ ఎడమ చెవి ఆనించి, గరగర ఉందేమో వినడం టోవె పని. కొలతల గదిలో ఇంజనీర్లకు చప్పుడు తగలకుండా చెవులకు కప్పులిచ్చారు. బల్ల దగ్గర ఆడవాళ్లకు చెవే పనిముట్టు. దానికి కప్పెవరిస్తారు?

మార్చిలో ప్రేబెన్ పోయాడు. అంత్యక్రియలైన మూడో ఆదివారం చెల్లెలు లిస్ దాల్చినచెక్క బన్నులు పట్టుకొచ్చింది.

"ఇంకా ఆ పీటేంటక్కా? రాజుగారి గద్దె ఖాళీగానే ఉందిగా."

"అది ఆయనది."

"ఆయనకిప్పుడు అక్కర్లేదులే. లే."

టోవె కూర్చుంది. ప్రేబెన్ చివరగా విన్న రికార్డే పెట్టించుకుని, ఆయనలాగే కళ్లు మూసుకుంది. మధ్యలో ఎవరూ వచ్చి నిలబడలేదు.

"లిస్, ఎడమదాని తీగ ఊడినట్టుంది చూడు."

లిస్ వంగి చెవి పెట్టింది. "శుభ్రంగా మోగుతోందే." పాట ఆపి, కుడిదాని తీగ పీకి, పాట మళ్లీ పెట్టింది. "ఇప్పుడు ఎడమదొక్కటే. ఎక్కణ్ణుంచి వస్తోంది?"

టోవె చెయ్యెత్తి కుడివైపు చూపించింది.

టోవె మెల్లగా కుడి చెవిలో వేలు పెట్టుకుంది. పాట ఆగిపోయింది.

"పీటదే తప్పనుకున్నానే," అంది.

ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకునేది, అలవాటనుకుంది. ఎడమ పక్కన నడిచేవాళ్లంతా గొణుగుతారనుకుంది. చెవి డాక్టరు పాత దెబ్బేనన్నాడు, ఫ్యాక్టరీ నాటిదన్నాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడి పదకొండేళ్లు. "అప్పుడే చెప్పి ఉంటే పరిహారమైనా దక్కేదమ్మా," అన్నాడు. అన్నేళ్లలో ఒక్క సాయంత్రం ఆ కుర్చీలో కూర్చుని ఉంటే అప్పుడే తెలిసేది.

ఇప్పుడు శనివారం తుడిచాక పెట్టెలను గుర్తుల మీద పెట్టడం లేదు. ఎక్కడున్నా ఆమెకు ఒకటే.

చెవితో పనిచేసేవాళ్లు ఈ వారమే రెండు చెవులూ పరీక్ష చేయించుకోండి. ఆ కాయితం దాచుకోండి. మధ్య కుర్చీలో కూర్చునేవాళ్లు ఇవాళ సాయంత్రం లేవండి. పక్కన కూర్చునే మనిషిని అక్కడ కూర్చోబెట్టి, ఏం వినపడుతోందో అడగండి. జవాబు వచ్చేదాకా కాఫీ మాట ఎత్తకండి.