నీళ్ల రాయబారం

పెద్ద కోడలు ఆసుపత్రికి మెత్తని పాత చెప్పులే వేసుకొస్తుంది. రాయబారులకు అరికాళ్లే ఆస్తి. మామగారికి నీళ్లు తగ్గించమని గుండె డాక్టరు అన్నాడు. బాగా తాగించమని పై అంతస్తు కిడ్నీ డాక్టరు అన్నాడు. ఒకరి మాట ఇంకొకరికి మోసి మోసి ఆమె మోకాళ్లు పట్టేశాయి. వార్డులో పెద్దాయన నిండు గ్లాసు ముందు కూర్చుని, "ఏమన్నారమ్మా, తాగనా వద్దా?" అంటూ ఎండిన పెదాలు తడుపుకుంటున్నాడు.

ఆ రోజు లిఫ్టులో డాక్టర్లిద్దరూ ఒకేసారి దొరికారు. ఆమె తలుపుకి అడ్డంగా నిలబడింది. "మీరిద్దరూ తేల్చేదాకా నేను దిగను, మిమ్మల్ని దిగనివ్వను. అక్కడ మా మామగారు గొంతెండి కూర్చున్నారు." రెండంతస్తులు దిగేలోపు సంధి కుదిరింది: రోజుకు లీటరున్నర. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. "మంచిపని చేశావమ్మా," అన్నాడు గుండె డాక్టరు. "ఈ మాట పక్క బ్లాకులో ఊపిరితిత్తుల డాక్టరు చెవిన కూడా వేసి, ఆయనేమంటారో వచ్చి చెప్పు."